సియాంగ్ ఉరవడిలో: వరంగల్ నుంచి వెళ్లదలచినవారికి

రాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవలో, అంటే రాఫ్ట్‌లో, ఉరవడి నదిపై ప్రయాణం) అనగానే మన వైపు వారికి రిషికేశ్‌లోని గంగ, లేదా దండేలిలోని కాళీ నది గుర్తుకు వస్తాయి. అక్కడ రుసుము కట్టిన కాసేపటికే తెడ్డు చేతికి వస్తుంది, పూట గడిచేలోగా ప్రయాణమూ ముగుస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని సియాంగ్ నదికి ఆ పద్ధతి పనికిరాదు. టిబెట్‌లో యార్లుంగ్ సాంగ్‌పో పేరుతో ప్రవహించి, 7,782 మీటర్ల ఎత్తున్న నామ్చా బర్వా శిఖరాన్ని చుట్టుకొని దక్షిణానికి మళ్లే ఈ నది, గెల్లింగ్ దగ్గర మన దేశంలో ప్రవేశించి, పాసీఘాట్ దిగువన అస్సాం మైదానంలో దిబాంగ్, లోహిత్ నదులతో కలిసి బ్రహ్మపుత్ర అవుతుంది. మా హనుమకొండ మిత్రబృందం ఇందులో సరిహద్దు దగ్గరి టూటింగ్ నుంచి పాసీఘాట్ వరకు రాఫ్ట్‌లో దిగివచ్చింది.

అన్నిటికన్నా ముందు అనుమతి సంగతి చూసుకోవాలి. 1873 నాటి బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్ ప్రకారం, అరుణాచల్‌లో అడుగుపెట్టాలంటే ఇతర రాష్ట్రాల వారందరికీ ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. దీనికి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే కాగితంపై ముద్రించిన ప్రతులు నాలుగైదు వెంట ఉంచుకోవడం మేలు, ఎందుకంటే అస్సాం సరిహద్దులోని తనిఖీ కేంద్రమైన రుక్సిన్ గేటు దాటిన తరువాత కూడా వాటిని అడుగుతారు, పైకి వెళ్లే కొద్దీ ఫోన్ సిగ్నల్ దొరకదు. రుక్సిన్‌లో ఉద్యోగి ఒక్కొక్కరి గుర్తింపు కార్డులోని పేరును పర్మిట్‌లోని పేరుతో అక్షరం అక్షరం సరిచూశారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా రాసే అలవాటు మనకు ఉంది కనుక దరఖాస్తు నాడే రెండూ ఒకేలా ఉండేట్లు చూసుకోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువులను వెంట తీసుకువెళ్లదలిస్తే వారికి ఈ పర్మిట్ చాలదు. ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ వేరుగా పొందాలి.

ఇన్ని ఆంక్షలు ఎందుకని విసుక్కునేవారికి మన ములుగు జిల్లా ముత్యాలధారను గుర్తు చేయాలి. 2023 జూలైలో అక్కడికి వెళ్లిన దాదాపు 80 మంది వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోతే, ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది రాత్రంతా శ్రమించి వారిని బయటికి తీసుకువచ్చారు. ఎవరు లోపలికి వెళ్లారో లెక్క ఉన్నచోటనే ఎవరు తిరిగి రాలేదో తెలుస్తుంది. టూటింగ్ లాంటి సరిహద్దు ప్రాంతంలో ఆ లెక్క మన ప్రాణరక్షణకే.

బసల విషయానికి వస్తే, పాసీఘాట్‌లో మధ్యతరగతికి సరిపడే హోటళ్లు ఉన్నాయి. రాను, పోను రెండుసార్లూ అక్కడ ఆగడం ఉత్తమం. టూటింగ్ దారిలోని యింగ్‌కియాంగ్‌లో గదులు సామాన్యంగా ఉంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చినవి నది ఒడ్డున ఇసుకతిన్నెలపై వేసిన గుడారాలు. వంటవాళ్లు కట్టెల పొయ్యి మీద అన్నం, పప్పు, ఆకుకూర వండిపెట్టారు. అక్కడి ఆదీ తెగ గ్రామస్థులు వెదురు కొమ్ముల కూర రుచి చూపించారు. ఊరగాయ సీసా ఒకటి తీసుకువెళ్తే భోజనానికి లోటుండదు. శీతాకాలంలో అక్కడ సాయంత్రం ఐదు గంటలకల్లా చీకటి పడుతుంది కాబట్టి తలకు కట్టుకునే లైటు తప్పనిసరి.

డబ్బు ఖర్చు పెట్టవలసింది గదుల మీద కాదు, నదిని ఎరిగిన నిర్వాహకుల మీద. మేము మొదట సంప్రదించిన ఒక సంస్థ తక్కువ ధర చెప్పింది గాని, రాఫ్ట్ వెంట రక్షణ కయాక్ (నీటిలో పడినవారిని అందుకునే చిన్న పడవ) వస్తుందా అని అడిగితే తేల్చి చెప్పలేదు. చివరికి మేము వెళ్లినవారు రెండు కయాక్‌లు పంపారు; ధర ఎక్కువైనా అదే సరైన ఎంపిక. మొదటి ఉదయం గైడ్ ప్రతి ఒక్కరి లైఫ్ జాకెట్‌నూ భుజాల దగ్గర పట్టుకొని గట్టిగా పైకి లాగి చూశాడు. చెవుల దాకా లేచినవారి పట్టీలను మళ్లీ బిగించి, మళ్లీ లాగాడు. నీటిలో పడితే వెల్లకిలా తేలి, కాళ్లను ప్రవాహం పోయే దిశకు చాచి, కాలివేళ్లు నీటిపైకి కనబడేట్లు ఉంచాలని చెప్పి, నిదానంగా పారే చోట అందరిచేతా చేయించాడు. ఆ నీరు ఎముకలు కొరికేంత చల్లన.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నీరు తగ్గి, పచ్చలరంగులో స్వచ్ఛంగా ఉంటుంది. రాఫ్టింగ్‌కు అదే కాలం. తగ్గిందంటే చిన్న నది అనుకోరాదు. ఏటూరునాగారం దగ్గర గోదావరిని వరదలో చూసినవారికి నీటి బరువు కొంత తెలుసు, కాని అక్కడ విశాలంగా పరుచుకునే బరువు ఇక్కడ కొండల మధ్య ఇరుకున పడి అలలై లేస్తుంది. మోయింగ్ వైపు ఒక ర్యాపిడ్‌లో (నీరు ఉధృతంగా ఎగసిపడే చోట) రాఫ్ట్ ముక్కు అల మీదికి ఎక్కినప్పుడు ముందు వరుసలోని మాకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. వెనుక నుంచి గైడ్ ‘ఫార్వర్డ్’ అని అరుస్తుంటే తెడ్డు గాలిలో ఆడింది, మరుక్షణం నడుము దాకా నీరు. పెద్ద ర్యాపిడ్‌ల ముందు గైడ్లు ఒడ్డుకు దిగి, బండలెక్కి దారి చూసి వచ్చేవారు. ఒకచోట మమ్మల్ని ఒడ్డు వెంట నడిపించారు. కొందరు నొచ్చుకున్నారు గాని, ఆ నిర్ణయం తీసుకోగలిగిన గైడే నమ్మదగిన గైడ్ అని నా అభిప్రాయం.

వెళ్లదలచినవారు ఈత నేర్చుకున్నాకే దరఖాస్తు చేయాలి. లక్నవరంలో కయాక్ నడిపితే భుజాలు గట్టిపడతాయి, తెడ్డు పట్టు కుదురుతుంది. ప్రవాహం మాత్రం అక్కడ తెలియదు. పాసీఘాట్ నుంచి టూటింగ్ వెళ్లే రోడ్డుపై కొండచరియలు విరిగిపడి వాహనాలు నిలిచిపోవడం మామూలే కాబట్టి, డిబ్రూగఢ్ నుంచి తిరుగు విమానానికి కనీసం రెండు రోజుల వెసులుబాటు ఉంచుకొని టికెట్ తీసుకోవాలి.