‘స్మిటెన్’ అనే మాటతో ఒక నిఘంటువును తూచినప్పుడు

గత ఏడాది నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి ఒక దుకాణంలో 450 రూపాయలకు ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కొని, మా ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలతో కలిసి వాడుతున్నాను. అట్ట గట్టిది, కుట్టు ఇంతవరకు విడలేదు, అక్షరాలు కంటికి శ్రమ కలిగించవు. అయితే నిఘంటువు విలువ అది మాటను ఎలా వివరిస్తుందన్న దానిలోనే ఉంటుంది గనుక, ఈ సమీక్షలో నేను ఎక్కువసేపు ఒక్క మాట దగ్గరే ఆగుతాను.

ఒక కథలో రాకుమారుడు ఒక అమ్మాయిని చూడగానే ‘స్మిటెన్’ అయ్యాడని చదివిన మా విద్యార్థిని నిఘంటువు తెరిచింది. అక్కడ ‘కొట్టబడిన, వ్యామోహపడిన’ అని మాత్రమే ఉంది. “సార్, ఆయనను ఎవ్వరు కొట్టిండ్రు?” అని ఆమె అడిగింది. నిఘంటువు జవాబు చెప్పవలసిన ప్రశ్న అది. రెండు అర్థాలను పక్కపక్కన పెట్టి, ఒకదాని నుంచి మరొకటి ఎలా వచ్చిందో చెప్పకపోతే చదివేవారికి రెండూ అందకుండా పోతాయి.

‘స్మైట్’ అనే క్రియకు పాస్ట్ పార్టిసిపుల్ రూపమే ‘స్మిటెన్’. రైట్, రోట్, రిటెన్ అన్నట్లే స్మైట్, స్మోట్, స్మిటెన్. ఈ పుస్తకం తెలుగు లిపిలో ఉచ్చారణను ‘స్మైటెన్’ అని ఇవ్వడం స్పష్టమైన తప్పు. పిల్లలు దానినే నేర్చుకుంటారు. ప్రాచీన ఆంగ్లంలో ఈ క్రియకు ‘పూయు, మరక చేయు’ అని అర్థం. దీనికి చుట్టాలైన జర్మన్, డచ్ క్రియలు నేటికీ ‘విసరు’ అనే అర్థంలో నిలిచాయి. గోడకు మట్టి ముద్దను విసిరి మెత్తే పనిలో పూతా దెబ్బా కలిసే ఉంటాయి గనుక ఒక అర్థం మరొకదానిలోకి జరిగి ఉండవచ్చని భాషావేత్తలు ఊహించారు. ఈ ఊహను తెలుగు పిల్లలకు ఒప్పించడానికి కష్టపడనక్కరలేదు, ఎందుకంటే మనమూ గోడకు సున్నం ‘కొడతాం’, తలుపుకు రంగు ‘కొడతాం’.

మధ్యయుగపు ఆంగ్లంలో ఆ క్రియ గట్టిగా కొట్టడమనే అర్థంలో స్థిరపడింది. 1611 నాటి ఆంగ్ల బైబిలులో అది తరచుగా కనిపిస్తుంది. ఒక చెంపపై కొట్టినవానికి రెండో చెంప చూపమన్న మత్తయి సువార్త 5వ అధ్యాయపు మాటలో ఉన్న క్రియ ఇదే. రోగం పాలైనవారిని, ఆపదకు గురైనవారిని కూడా ‘స్మిటెన్’ అన్నారు. మా ప్రాంతపు ఎండలెరిగినవారికి ‘వడదెబ్బ’ అనే మాట చాలు, మనిషి చెయ్యి లేకుండా దెబ్బ ఎలా తగులుతుందో తెలియడానికి. 17వ శతాబ్దంలో ప్రేమ కూడా అలా దెబ్బతీసే వాటిలో చేరింది. రాకుమారుణ్ణి కొట్టినది ఆ చూపే. పంచబాణుడైన మన్మథుడి పూలబాణాలను కథల్లో విన్న పిల్లలు దీనిని వెంటనే అందుకున్నారు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించినది, సరిసమానమైన తెలుగు మాట చేతిలో ఉండగా ఈ నిఘంటువు దానిని వాడుకోకపోవడం. రాయి కాలికి ‘తగులుతుంది’. మనసు ఒకరిపై నిలిచిపోతే మన కావ్యభాష దానిని ‘తగులము’ అంది. దెబ్బనూ మమకారాన్నీ ఒకే ధాతువు మోస్తున్న ఇంత చక్కని ఉదాహరణను వదిలి, ‘వ్యామోహపడిన’ అని సరిపెట్టడం నాకు నచ్చలేదు. పైగా ఆ మాటలో నింద ఉంది. నేటి ఇంగ్లీషులో ‘స్మిటెన్’ చాలావరకు ముచ్చటైన మాట; ఒక ఊరిని, పాత ఇంటిని, కుక్కపిల్లను చూసి కూడా అలా అయిపోవచ్చు. నల్లగొండ వీధుల్లో వినిపించే ‘ఫిదా అయిండు’ దానికి ఎంతో దగ్గరగా ఉంటుంది. అరబ్బీలో త్యాగం, విమోచన మూల్యం అనే అర్థాలున్న ఆ మాట ఉర్దూ మీదుగా మనకు వచ్చి, ఇప్పుడు మన తెలుగే అయింది.

‘ఇన్‌ఫాచ్యుయేటెడ్’ దగ్గర మాత్రం ఈ పుస్తకం మంచి పని చేసింది. ‘మోహంలో పడిన’ అని ఇచ్చి, తెలివి తప్పిన ఇష్టమని ఒక వాక్యంలో వివరించింది. ఆ ఇంగ్లీషు మాటకు మూలం, తెలివిలేనివాడనే అర్థమున్న లాటిన్ ‘ఫతువుస్’. మన మోహం, మూఢుడు, ముగ్ధ కూడా ‘ముహ్’ అనే ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చినవి కావడం వల్ల, ఇక్కడ అనువాదం వేరు దాకా సరిపోయింది. ‘బిసాటెడ్’కు కూడా అదే అర్థం అతికించారు గాని, అందులో మత్తు ఎక్కువ, ‘సాట్’ అంటే మొదట మూర్ఖుడు, తరువాత తాగుబోతు.

వెలకు తగిన పుస్తకమే. పాఠశాలలకు కొనవచ్చు, కానీ పక్కన ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. మలిముద్రణలో ఉచ్చారణను సరిదిద్ది, మాట పుట్టుకను కనీసం ఒక్క వాక్యంలోనైనా చెప్పాలని ప్రచురణకర్తలకు ఉత్తరం రాశాను. మా ప్రతిలో ఆ విద్యార్థిని ఇప్పటికే ‘స్మిటెన్’ పక్కన పెన్సిలుతో ‘మనసు తగులుకొన్న’ అని రాసింది; నేను దానిని చెరపలేదు.