పాత ర్యామ్ పక్కన కొత్తది చేర్చడమా, జత కిట్ కొనడమా: ఏది మేలు?

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తరువాత విండోస్ 11కు మారిన పాత డెస్క్‌టాప్‌లలో 8 జీబీ ర్యామ్ చాలడం లేదన్న మాట తరచుగా వినిపిస్తోంది. ఉదాహరణకు ఇంటెల్ ఐ3-8100 ప్రాసెసరు, రెండే ర్యామ్ స్లాట్లున్న హెచ్310 మదర్‌బోర్డు, 2400 వేగం గల 8 జీబీ డీడీఆర్4 (నాలుగో తరం) ర్యామ్ స్టిక్ ఒకటి ఉన్న కంప్యూటరును తీసుకుందాం. దాని యజమాని ముందు మూడు దారులున్నాయి: పాత స్టిక్ ఉంచి రెండో స్లాట్‌లో వేరే కంపెనీ 8 జీబీ చేర్చడం, పాతదాన్ని తీసేసి ఒకే పెట్టెలో వచ్చే రెండు 8 జీబీల కిట్ కొనడం, లేదా 16 జీబీ స్టిక్ ఒక్కటే కొనడం. మొదటిది అన్నిటికన్నా చవక. కానీ రెండు కంపెనీల ర్యామ్ కలపకూడదన్న హెచ్చరిక దుకాణంలోనే ఎదురవుతుంది. కలిపితే ఇబ్బంది రావచ్చన్నది నిజమే గానీ, అందుకు కారణం కంపెనీ పేరు కాదు.

స్టిక్ మీద ఏ పేరున్నా లోపలి మెమరీ చిప్‌లు ఎక్కువగా శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ సంస్థల నుంచే వస్తాయి. ఒకే కంపెనీ ఒకే మోడల్ పేరుతో అమ్మే స్టిక్‌లలో కూడా కొంతకాలానికి లోపలి చిప్‌లు మారిపోవచ్చు కాబట్టి, పేరు కలిసినంత మాత్రాన స్టిక్‌లు కలిసినట్లు కాదు. తప్పనిసరిగా కలవవలసింది తరం. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కూ డీడీఆర్5కూ 288 పిన్నులు ఉంటాయి. పిన్నుల లెక్క ఒకటే అయినా ఆ చివరి రెండింటికీ మధ్యలో ఉండే గాడి వేరే చోట ఉంటుంది గనుక ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. సర్వర్ల నుంచి తీసి చవకగా అమ్మే రిజిస్టర్డ్ ఈసీసీ (సర్వర్ల కోసం చేసిన, తప్పులు సరిదిద్దే రకం) స్టిక్‌లు స్లాట్‌లో చక్కగా దిగినా మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పనిచేయవు. పాత సరుకు కొనేవారు మొదట చూడవలసింది దీన్నే.

వేగం కలవకపోవడం నిజానికి చిన్న విషయం. ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. ఆ స్టిక్ ఏయే వేగాల వద్ద ఏయే టైమింగ్‌లతో (ఒక్కో పనికి తీసుకునే వ్యవధులతో) పనిచేయగలదో అందులో రాసి ఉంటుంది. కంప్యూటరు వెలిగేటప్పుడు బయోస్ (మదర్‌బోర్డులో ఉండే తొలి సాఫ్ట్‌వేర్) రెండు స్టిక్‌లనూ చదివి, రెండింటికీ సరిపడే వేగాన్ని ఎంచుకుంటుంది. కాడికి కట్టిన ఎడ్లలో నెమ్మదైనదాని నడకే బండి నడక అయినట్లు, 2400 పక్కన పెట్టిన 3200 స్టిక్ కూడా 2400 వద్దనే నడుస్తుంది. ఐ3-8100 ఎలాగూ 2400కు మించి తీసుకోదు కాబట్టి ఈ కంప్యూటరులో ఆ తేడా వల్ల పోయేదేమీ లేదు.

అంతకన్నా చాలా పెద్ద తేడా చానెళ్లలో, అంటే ప్రాసెసరుకూ ర్యామ్‌కూ మధ్య ఉండే దారులలో, ఉంది. 2400 వేగం గల స్టిక్ ఒక్కటే ఉంటే సిద్ధాంతరీత్యా సెకనుకు 19.2 జీబీ దత్తాంశం ప్రవహిస్తుంది. రెండు స్లాట్లలో రెండు ఉంటే అది 38.4 జీబీ అవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేక, ప్రాసెసరులోని గ్రాఫిక్స్ మీదనే ఆధారపడే కంప్యూటరులో ఈ తేడా ఆటలలో స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది కూడా ఈ ర్యామ్‌నే. అందువల్ల 16 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టి పాతదాన్ని సొరుగులో వేయడం మూడు దారుల్లోకీ బలహీనమైనదని నా అభిప్రాయం. ఆ 16 పక్కనే పాత 8ని ఉంచితే మాత్రం కథ మారుతుంది: ఇంటెల్ ఫ్లెక్స్ పద్ధతిలో రెండింటిలోంచీ 8 చొప్పున 16 జీబీ జంట చానెల్‌లోనూ, మిగిలిన 8 ఒంటి చానెల్‌లోనూ పనిచేస్తాయి. మొత్తం 24 జీబీ అన్న అంకె వింతగా కనిపిస్తుంది గానీ అందులో దోషమేమీ లేదు.

ఇక కిట్ సంగతి. రెండు స్టిక్‌లనూ కలిపి, పెట్టె మీద రాసిన వేగం వద్ద తయారీదారే పరీక్షించి అమ్మడం దానిలోని విలువ. ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌తో (స్టిక్‌లో తయారీదారు ముందే రాసి ఉంచిన అధిక వేగపు అమరికతో) 3200 లేదా 3600 వేగం రాబట్టాలనుకునే, ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్ల బోర్డులలో ఆ విలువకు అర్థముంది. అక్కడ ప్రాసెసరులోని భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే అనుసంధానం వేగం కూడా ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది. ర్యామ్‌ను 2400 దాటనివ్వని ఈ కంప్యూటరుకు కిట్ కొనడం, వాడుకోలేని హామీకి డబ్బు కట్టడమే. పైగా 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పనిచేస్తున్న 8 జీబీని పక్కన పెట్టడం ఇప్పుడు మరీ ఖరీదైన పని.

కలిపిన జత మొరాయించినప్పుడు ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. తెర వెలగకపోతే ప్లగ్గు తీసి, స్టిక్‌ను మళ్లీ క్లిప్పు పడేదాకా గట్టిగా నొక్కాలి. పాత స్టిక్ అంచులను మెత్తని రబ్బరుతో తుడవాలి. ఆ తరువాత ఒక్కొక్క స్టిక్‌నూ ఒక్కొక్క స్లాట్‌లో విడిగా పెట్టి చూస్తే, లోపం స్టిక్‌లో ఉందో, స్లాట్‌లో ఉందో, కలయికలో మాత్రమే ఉందో తేలిపోతుంది. ఈ పని చేయకుండానే కొత్త స్టిక్‌ను తిప్పి పంపేవారు చాలామంది ఉంటారు. విడివిడిగా రెండూ బాగుండి, కలిస్తేనే మొరాయిస్తుంటే, బోర్డు మీది బిళ్ల బ్యాటరీని కొద్ది నిమిషాలు తీసి బయోస్ సెట్టింగులను చెరిపివేయాలి; ఎక్స్‌ఎంపీ ఉంటే ఆపివేయాలి; అప్పటికీ కాకపోతే బయోస్‌ను నవీకరించి, ర్యామ్ వేగాన్ని చేత్తో ఒక మెట్టు, అంటే 2133కు, తగ్గించి చూడాలి. రెండు స్టిక్‌ల స్థానాలు మార్చడం కూడా కొన్నిసార్లు ఫలిస్తుంది.

వెలిగింది కదా అని వదిలేయడం ప్రమాదం. పొసగని జత చేసే చెరుపు ఎక్కువగా తరువాత, రోజుకోసారి విండోస్ ఆగిపోయి వచ్చే నీలి తెరగానో, పాడైపోయిన ఫైలుగానో బయటపడుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామును రాత్రంతా నడపాలి. అందులో ఒక్క తప్పు కనిపించినా ఆ జతను నమ్మకూడదు. విండోస్‌లో సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామును తెరిస్తే రెండు స్టిక్‌ల వివరాలూ, చానెళ్ల సంఖ్యా కనిపిస్తాయి. అక్కడ చూపే వేగం అసలులో సగమే కాబట్టి 1200 అని ఉంటే కంగారు పడనక్కరలేదు.

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, పాత స్టిక్ లేబుల్‌ను ఫోటో తీసి దగ్గర ఉంచుకోవాలి. దాని మీద 1ఆర్‌ఎక్స్‌8 (1Rx8, అంటే 8 బిట్ల చిప్‌ల ఒకే వరుస) అని ఉంటే కొత్తదాని మీదా అదే ఉండేలా చూడడం మంచిది. నాలుగే చిప్‌లుండే 1ఆర్‌ఎక్స్‌16 స్టిక్ పనిచేయదని కాదు గానీ, దానిలోని మెమరీ బ్యాంకులు సగమే కావడం వల్ల కొంత నెమ్మదిస్తుంది. మెమ్‌టెస్ట్ పూర్తయ్యేదాకా వాపసు గడువు మిగిలి ఉండాలన్న షరతు మీదనే కొనాలి.

డీడీఆర్5 కంప్యూటర్లకు మాత్రం, పాతదాని పక్కన కొత్తది చేర్చడమే మేలన్న ఈ తీర్పు తలకిందులవుతుంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎమ్‌డీ ఇచ్చిన లెక్కలోనే రెండు స్టిక్‌లకు 5200 వేగం ఉంటే, నాలుగింటికి 3600 మాత్రమే. అక్కడ రెండు స్టిక్‌ల పక్కన మరో రెండు చేర్చడం కంటే, పాతవాటిని అమ్మివేసి పెద్ద కిట్ ఒకటి కొనడమే మేలు. కొత్త కిట్ పెట్టాక మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టినా మధ్యలో ఆపకూడదు, బోర్డు అప్పుడు ర్యామ్‌కు సరిపడే టైమింగ్‌లను వెతుక్కుంటూ ఉంటుంది.