జాగ్రత్త: వెండి పట్టీ వేసి అమ్ముతున్న ఆ డానిష్ పొగాకు పైపులు కొనకండి

పాత బ్రయర్ పైపులు కొనేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. 'చేత్తో చెక్కిన ఎస్టేట్ పైపులు (అంటే ఇదివరకు ఎవరో వాడినవి), ప్రతిదీ పరీక్షించి పంపుతాం' అని పెడుతుంటాడే, ఆ వ్యాపారి సంగతే. పేరు రాయను, ఎవరో మీకు తెలుసు. పార్సిల్ నిన్ననే వచ్చింది. కస్టమ్స్ సుంకం కూడా కట్టి విడిపించుకున్నాను. ఇంకా ఒళ్లు మండిపోతోంది.

కొన్నది డెన్మార్క్ పైపుల తయారీదారు ప్రెబెన్ హోల్మ్ పైపు. 1970లలో బెన్ వేడ్ బ్రాండ్ పేరుతో అమెరికా మార్కెట్‌కి వెళ్లిన ఫ్రీహ్యాండ్‌లలో (మామూలు ఆకారాలు కాకుండా చెక్క తీరును బట్టి చెక్కినవి) ఒకటి. బ్రయర్ అంటే మధ్యధరా ప్రాంతపు ఎరికా పొద మొదట్లో ఊరే గడ్డ. ఆ గడ్డ పైభాగపు గరుకుని అలాగే బౌల్ (పొగాకు నింపే గిన్నె) అంచుగా వదిలేసి, చెక్క చారలు కింది నుంచి నిలువుగా పైకి లేచేలా చెక్కుతారు. ఏ రెండు పైపులూ ఒకేలా ఉండవు. ఆ చారలు చూసే కదా మనం అంత డబ్బు పెట్టేది!

ఫొటోలో షాంక్ (బౌల్ నుంచి వచ్చే చెక్క గొట్టం) చివర సన్నటి వెండి పట్టీ కనిపించింది. ఇలాంటి ఫ్రీహ్యాండ్‌లలో చాలావాటికి ఆ చివర కూడా గరుకుగానే ఉంటుంది. పగులు కప్పడానికి వేశారేమోనని అనుమానం వచ్చి కొనకముందే అడిగాను. 'పట్టీ మొదటినుంచీ ఉన్నదే, పగులు ఎక్కడా లేదు' అని మెసేజ్ పెట్టాడు. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

రాత్రి స్టెమ్ (నోట్లో పెట్టుకునే గొట్టం) మెల్లగా తిప్పి తీస్తుంటే పట్టీ కూడా ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద పసుపుపచ్చగా ఎండిన జిగురు. జిగురు కింద, స్టెమ్ దూరే రంధ్రం నుంచి స్టాంపింగ్ (చెక్క మీద కొట్టిన తయారీ ముద్ర) దాకా పాకిన పగులు. 'హ్యాండ్ మేడ్ ఇన్ డెన్మార్క్' అక్షరాలు సగం మెరుగు పెట్టే బఫింగ్‌లో అరిగిపోయాయి. టార్చ్ వేసి బౌల్‌లోకి చూస్తే నల్లటి పూత. గోటితో గీకితే పెళ్లలుగా రాలింది, అడుగున చెక్క బొగ్గైపోయి ఉంది.

ఫొటోలన్నీ పంపాను. వచ్చిన జవాబు ఇది: 'మీరే విరగ్గొట్టారు. పాత వస్తువు పట్టుకోవడం తెలియనివాళ్లు కొనకూడదు.' నేను విరగ్గొట్టానట! పగులు లోపల పాత పొగాకు తారు నల్లగా పేరుకుని ఉంది. నిన్న విరిగిన చెక్కయితే లోపల లేత రంగులో ఉండాలి, అందులోకి తారు ఎలా చేరుతుంది? అదే అడిగి, పగులు లేదన్న తన మెసేజ్‌నే తిప్పి పంపాను. చదివాడు, వెంటనే బ్లాక్ చేశాడు. ఒక్క 'సారీ' లేదు.

హోల్మ్ 1989లో చనిపోయాడు. ఆ చేతిపని ఇక కొత్తగా రాదు. మిగిలిన పైపుల్ని ఇలా జిగురూ పూతా పులిమి అమ్ముకుంటుంటే కడుపు రగిలిపోతోంది.

ఎవరి దగ్గర కొన్నా స్టెమ్ తీసి షాంక్ చివర ఫొటో, వెలుతురు వేసి బౌల్ అడుగు ఫొటో, స్టాంపింగ్ దగ్గర్నుంచి తీసిన ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. మాటలన్నీ రాతలో ఉంచుకోండి, కార్డుతోనే కట్టండి. నేను బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను.

ఇప్పుడు అదే మనిషి బిలియర్డ్ అనే ఆకారపు పైపు ఒకటి అమ్మకానికి పెట్టాడు. దానికీ సరిగ్గా ఇలాంటి పట్టీయే ఉంది. దాని మీద మాత్రం ఎవరూ డబ్బు పెట్టకండి.