ఐ-49 హైవే రివ్యూ (బెంటన్‌విల్ నుంచి ఫాయెట్‌విల్ దాకా): దూరం పోతే 5 స్టార్లు, ఊళ్ళో తిరిగితే 2

హోటళ్ళకి, సెలూన్లకి, ఆఖరికి పార్కింగ్ లాట్లకి కూడా రివ్యూలు రాస్తారు గానీ రోజూ తొక్కే రోడ్డుకి ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నా. అమెరికాలో ఈ నార్త్‌వెస్ట్ ఆర్కన్సాకి జాబ్ మీద వచ్చే మనోళ్ళు ఇల్లు వెతికేటప్పుడు స్కూల్ రేటింగ్ చూస్తారు, రెంట్ చూస్తారు, ఆఫీస్ ఎన్ని మైళ్ళో చూస్తారు, ఆ ఇల్లు ఐ-49 కి ఏ వైపు ఉంది, హైవే ఎక్కే ర్యాంప్ దాకా పోవడానికి ఎన్ని దార్లున్నాయి అన్నది మాత్రం చాలామంది చూడరు. మైళ్ళ కన్నా అదే ముఖ్యం ఇక్కడ.

ముందు మంచి చెప్పేస్తా. దక్షిణం వైపు ఆల్మా దగ్గర తూర్పు పడమరగా పోయే ఐ-40 హైవే నుంచి ఫాయెట్‌విల్ దాకా కొండల్లోంచి వేసిన ముక్క 1999 లో ఓపెన్ అయింది, అప్పట్లో దాని పేరు ఐ-540, ఐ-49 అని మార్చింది 2014 లో. అంతకుముందు బోస్టన్ మౌంటెన్స్ అనే ఆ కొండలు దాటాలంటే మెలికలు తిరిగే పాత యూఎస్ 71 తో పోవాల్సిందే, ముందు ఒక పెద్ద ట్రక్కు ఎక్కుతుంటే దాని వెనకే ఈడ్చుకుంటూ పోవాలి. ఇప్పుడు బాబీ హాపర్ టన్నెల్‌లోంచి స్పీడ్ తగ్గకుండా దూరిపోతాం, అక్టోబర్ చివర్లో ఆకులు రంగు మారినప్పుడైతే డ్రైవింగ్ సీట్లో ఉన్నవాడికే నష్టం, చూడ్డానికి వీలుండదు. ఉత్తరం వైపు బెల్లా విస్టా బైపాస్ 2021 అక్టోబర్ 1 న తెరిచారు. అప్పటిదాకా కాన్సస్ సిటీ నుంచి వచ్చే ట్రక్కులన్నీ బెల్లా విస్టా ఊళ్ళో సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి వచ్చేవి, ఇప్పుడు అక్కణ్ణుంచి ఐ-40 దాకా ఒక్క రెడ్ లైట్ లేదు. లాంగ్ వీకెండ్‌లో ఎక్కడికైనా పోదామనుకునేవాళ్ళకి ఈ రోడ్డు నిజంగా 5 స్టార్లే.

"హైవే వచ్చింది కాబట్టే ఊరు పెరిగింది" అని ఇక్కడ చాలామంది అంటుంటారు, నాకది పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. వాల్‌మార్ట్, చికెన్ కంపెనీ టైసన్, జేబీ హంట్ మూడూ ఈ రోడ్డు కన్నా ముందే ఇక్కడున్నాయి, అందులో జేబీ హంట్ అయితే ట్రక్కులు నడిపే కంపెనీ, పక్కన ఇంటర్‌స్టేట్ లేకుండానే అంత పెద్దదైంది. బెంటన్‌విల్, రోజర్స్ ఉన్న బెంటన్ కౌంటీ జనాభా 1990 లో 97,499, 2000 కి 153,406. ఐ-40 కి కలిపే ముక్క తెరిచేసరికి ఆ దశాబ్దం అయిపోవచ్చింది, అంటే ఆ జనమంతా ఎక్కువగా పాత రోడ్ల మీదే వచ్చారు. జనం పెరిగారు, రోడ్డు అడిగారు, వేశారు. 2020 కి కౌంటీ 284,333 అయిందంటే రోడ్డు సాయం లేదనను, కానీ ఉద్యోగాలు లేని ఊరికి ఎగ్జిట్ ఒకటి ఇస్తే అక్కడ లేచేది రెండు గ్యాస్ స్టేషన్లు, ఒక మోటెల్, అంతే.

రోడ్డు నిజంగా మార్చింది ఊరు ఎటు పాకాలి అన్నది. రోజర్స్‌లో పినకిల్ హిల్స్ చూడండి, ఆఫీస్ బిల్డింగులు, హాస్పిటల్, 2006 లో వచ్చిన మాల్, అన్నీ ఈ ఐ-49 ఫ్రీవేని పట్టుకుని ఉన్నవే, ఎందుకంటే అక్కడ ర్యాంపులున్నాయి, చుట్టూ ఖాళీ భూమి ఉంది. పాత బిజినెస్ అంతా ఊళ్ళ మధ్యలోంచి పోయే 71బి రోడ్డు వెంట ఉండేది, ఇప్పుడు కొత్తగా పెద్ద షాపు ఏదొచ్చినా ఇటువైపే చూస్తుంది.

ఇక 2 స్టార్లు ఎందుకో చెప్తా, అసలు రాయాలనుకుంది ఇదే. ఫాయెట్‌విల్, స్ప్రింగ్‌డేల్, రోజర్స్, బెంటన్‌విల్ నాలుగూ దండలో పూలలాగ ఒకే దారానికి గుచ్చి ఉన్నాయి, ఆ దారం ఐ-49. పాల ప్యాకెట్‌కి పోయేవాడూ, పిల్లని డాన్స్ క్లాస్‌కి తీస్కెళ్ళేవాడూ, మిస్సోరి నుంచి లోడ్‌తో వచ్చే ట్రక్కూ అందరూ అదే లేన్లలో. రాష్ట్రాల మధ్య తిరగడానికి వేసిన రోడ్డుని మనం మెయిన్ బజారు చేసేశాం, ఒక ఎగ్జిట్లో ఎక్కి తర్వాతి దాంట్లో దిగేవాళ్ళే ఎంతమందో. ఆరు లేన్లకి వెడల్పు చేశారు కదా అంటారు, నిజమే, 2012 లో జనం ఓటేసి అర సెంటు సేల్స్ ట్యాక్స్ ఒప్పుకుంటే ఆ డబ్బుతో ఇలాంటి పనులు జరిగాయి, 2020 లో మళ్ళీ ఓటేసి దాన్ని పర్మనెంట్ చేశారు. హాయిగానే ఉంది. కాకపోతే డురాంటన్, టర్నర్ అని ఇద్దరు ఎకనామిస్టులు 2011 లో ఒక పేపర్ వేశారు, అమెరికా సిటీల్లో ఇంటర్‌స్టేట్ లేన్లు ఎంత శాతం పెంచితే వాటి మీద తిరుగుడూ దాదాపు అంత శాతం పెరుగుతోందని. ఇక్కడ ఆరు లేన్లలో సాయంత్రం పూట నిలబడితే ఆ పేపర్ చదవక్కర్లేకుండానే అర్థమవుతుంది.

అయినా నన్నడిగితే పెద్ద ఇబ్బంది ఫ్రీవే మీద కాదు, ఫ్రీవే దాకా పోయే రోడ్డు మీద. సెంటర్‌టన్ ఉంది కదా, 2000 లో 2,146 మంది, 2020 కి 17,792. ఇళ్ళు కొత్తవి, బెంటన్‌విల్ కన్నా కాస్త అందుబాటులో ఉంటాయని మనోళ్ళు బాగా కొంటున్నారు, కానీ ఆ ఊరికి ఐ-49 ఎగ్జిట్ లేదు. బెంటన్‌విల్ మీదుగా పోవాలి, అందరూ ఎక్కేది ఆ హైవే 102 మీదకే. మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తుంది, పొద్దున స్కూల్ టైంలో బయల్దేరితే సిగ్నల్ తర్వాత సిగ్నల్, ర్యాంప్ ఎక్కేసరికే సగం ఓపిక అయిపోతుంది. తూర్పు పడమర రోడ్లు పట్టించుకోకుండా మధ్యలో ఫ్రీవే ఒక్కటి వెడల్పు చేస్తే ఇంతే.

కాబట్టి ఇల్లు చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం పోకండి, మంగళవారం పొద్దున ఏడున్నరకి ఆ ఇంటి నుంచే మీ ఆఫీస్‌కి ఒకసారి డ్రైవ్ చేసి చూస్కోండి, ఏజెంట్ ఏం చెప్పినా సరే. ఆఫీస్ ఫ్రీవేకి ఏ పక్కనుంటే ఇల్లూ ఆ పక్కనే తీస్కోండి, దాటే పని లేకపోతే చాలా తేడా ఉంటుంది. ఫాయెట్‌విల్ వైపు కొనేవాళ్ళు అక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ రేజర్‌బ్యాక్స్ హోమ్ గేమ్స్ షెడ్యూల్ కూడా దగ్గర పెట్టుకోండి, ఆ శనివారాలు పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ముహూర్తం పెట్టినా గెస్టులు టైంకి రారు. స్ప్రింగ్‌డేల్ ఉత్తరాన హైవే 612 బైపాస్ మొదటి ముక్క 2018 లో వచ్చింది, యూఎస్ 412 ని ఇంటర్‌స్టేట్ చేసే రూటుగా 2021 చట్టంలోనే పెట్టారు. ఈ రెండూ పూర్తయితే తూర్పు పడమర కష్టం కొంత తగ్గొచ్చు, అప్పుడు ఇంకో స్టార్ వేస్తా.