కుక్కలతో కొండవీడు నడక: ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగకూడదు

గుంటూరు నుంచి కొండవీడు దాకా కుక్కల్ని వెంటబెట్టుకుని నడవాలనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా: పేరేచర్ల దాటేదాకా ఉన్న రోడ్డు మీద ఆశ పెట్టుకోకండి. లారీలు, హారన్లు, దుమ్ము. కుక్క ముక్కు మన నడుం కన్నా కిందే ఉంటుంది కాబట్టి ఆ దుమ్మూ పొగా ముందు దానికే. మాది విరాళాల నడక. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చేయించడానికి తెలిసినవాళ్ల దగ్గర కిలోమీటరుకి ఇంత అని రాయించుకున్నాం. కిలోమీటర్లు పెరిగితే డబ్బూ పెరుగుతుందని గుంటూరు నుంచే మొదలుపెట్టాలన్నారు మావాళ్లు. నన్నడిగితే ఫిరంగిపురంలో మొదలుపెట్టి, కొండ మీద రెండు చుట్లు ఎక్కువ తిరగడం మేలు.

గుంటూరులో బస సంగతి అడగొద్దు. ఒక లాడ్జి వాళ్లు ఫోన్లో "చిన్న కుక్కలేగా, తీసుకురండి సార్" అన్నారు. తీరా వెళ్లాక కౌంటర్ దగ్గర మా వదిన వాళ్ల లాబ్రడార్ రాకీని చూసి "ఇది చిన్నదా?" అని గుమ్మంలోనే ఆపేశారు. అడ్వాన్సు మాత్రం తిరిగివ్వలేదు. కుక్క బరువు, జాతి, టీకా కార్డు ఫొటో ముందే వాట్సాప్‌లో పంపి, సరే అన్న మాట రాతలో తీసుకోండి. ఆ రాత్రి తెలిసినవాళ్ల డాబా మీద పడుకున్నాం. కుక్కలకి అదే నచ్చింది.

నల్లపాడు దాటాక అసలు సంగతి మొదలైంది. ఏ ఊరి మొదట్లో అడుగుపెట్టినా ఆ ఊరి కుక్కలు ఎదురొస్తాయి, పొలిమేర దాకా మొరుగుతూ వెంటబడతాయి. అక్కణ్ణుంచి పక్క ఊరివి అందుకుంటాయి. మా బుజ్జి ఒకప్పుడు వీధికుక్కే, దానికి ఈ మర్యాదలన్నీ తెలుసు. తల దించుకుని, ఎవరి కళ్లలోకీ చూడకుండా నడిచేసింది. రాకీకే తెలియదు, ప్రతిదాన్నీ పలకరించబోయేది. గొలుసు పొట్టిగా పట్టుకుని, కుక్కని మనకి రోడ్డు అంచు వైపు ఉంచుకుని, పరిగెత్తకుండా నడిస్తే చాలావరకు గొడవ ఉండదు. కర్ర చేతిలో ఉండొచ్చు గానీ ఎత్తకూడదు. సంచిలో ఒక సబ్బుబిళ్ల ఉండాలి. పొరపాటున గాటు పడితే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం పూయకండి.

చెవి చివర కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. గుంటూరు వీధుల్లో అలాంటివి అక్కడక్కడా కనపడ్డాయి. పల్లెల్లోకొచ్చాక నేను చూసిన వాటిలో ఒక్కటీ లేదు. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకి టీకా పడితే గానీ రేబిస్ ఆగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పోగైన డబ్బు గుంటూరులోనే ఖర్చుపెడదామన్న మాట అక్కడే మా మధ్య వాదనకొచ్చింది.

దారిలో ఇంకో ఇబ్బంది మిరప కళ్లాలు. సంక్రాంతి దాటితే రోడ్డు పక్క పొలాల్లో పట్టాల మీద కాయ ఆరబోస్తారు. కంటికి ఎర్రగా బాగానే ఉంటుంది, గాలి మన వైపు తిరిగిందంటే కోరు అందుకుంటుంది. రాకీ వరసగా తుమ్మి తుమ్మి, ముందుకాళ్లతో ముక్కు రుద్దుకుంటూ రోడ్డు మీదే కూలబడింది. తడిగుడ్డతో మూతి తుడిచి, కళ్లం దాటేదాకా ఆ నలభై కేజీల ప్రాణాన్ని మా అన్నయ్య భుజానికెత్తుకున్నాడు. కళ్లంలో ఉన్న పెద్దావిడ నవ్వి, "ఏందయ్యా, కుక్కని నువ్వు మోస్తన్నావా, అది నిన్ను కాయాల గానీ!" అంది. సంగతి చెబితే బోరు మోటారు వేయించి నీళ్లు పట్టనిచ్చింది, కుక్కలకి ముందు, మాకు తర్వాత.

ఫిరంగిపురంలో బాల ఏసు దేవాలయం పెద్దది, ఊరికి ఆనవాలు అదే. టిఫిన్‌కి ఇబ్బంది లేదు, ఇడ్లీ మీద కారప్పొడి ధారాళంగా వేస్తారు. మనకది బాగుంటుంది గానీ, ఆ చేత్తో కుక్కకి ముక్క పెట్టకండి. ఉల్లిపాయ పడ్డ ఏ పదార్థమూ వాటికి మంచిది కాదు. మేం ఉప్పు లేని పెరుగన్నం, ఉడికించిన గుడ్లతో నెట్టుకొచ్చాం. రాత్రికి ఊరి బయట పొలంలో ఒక రేకుల షెడ్డు ఇచ్చారు. గోనెపట్టాలు, ఒక బల్బు, కుళాయి, అంతే. దారి మొత్తం మీద మంచి బస అదే. కుక్కలకి కావాల్సింది మూయడానికి ఒక గేటు, చల్లటి నేల. పొద్దున్నే కాళ్లు చూస్తే బుజ్జి వేళ్ల మధ్య పల్లేరుకాయలు! గడ్డి గట్టు మీద నడిపిస్తే తారు వేడి తప్పుతుంది గానీ ఇవి తప్పవు. పట్టకారు, కొబ్బరినూనె దగ్గరుంచుకోండి. పశువులకి పెద్ద జబ్బు చేస్తే సంచార వైద్యానికి 1962 నంబరు ఉంది. మాకు ఆ అవసరం రాలేదు.

కొండవీడు కోసమే ఈ తిప్పలన్నీ పడొచ్చు. రెడ్డి రాజుల రాజధాని, శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న చోటు, 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్న కోట. కొండ కింద గోపీనాథాలయాన్ని కత్తుల బావి అంటారు. ఆహ్వానం మీద వచ్చినవాళ్లని ఒక్కొక్కరినే లోపలికి పంపి చంపారని కథ. కుక్కలతో లోపలికి వెళ్లలేం కాబట్టి వంతులవారీగా చూసొచ్చాం. పైకి పాత మెట్లదారి ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. కుక్కలకి ఘాట్ రోడ్డే మంచిది, తెల్లారేసరికి ఎక్కడం మొదలుపెడితే. ఎండెక్కాక మాత్రం చేతిని తిప్పి వెనకవైపు తారుకి ఆనించి చూడండి. మీ చెయ్యి ఆగకపోతే వాటి పాదం కూడా ఆగదు.

మలుపులు పెరిగేకొద్దీ గాలి పెరిగింది. ఒక మలుపు దగ్గర కొండ అడ్డు తొలగింది, రాకీ చెవులు వెనక్కి తిరగబడి లోపలి గులాబీరంగు బయటపడింది. నీళ్లు పోసిన ప్లాస్టిక్ గిన్నె దొర్లుకుంటూ లోయలోకి పోయింది. స్టీలు గిన్నెలో ఒక రాయి వేసి నీళ్లు పోస్తే నిలబడింది. ఆ గాలిలో మా మాట మాకే వినపడలేదు, బుజ్జి మాత్రం మూతి పైకెత్తి కళ్లు మూసుకుని అలా నిలబడిపోయింది. కదలమంటే కదల్లేదు.

పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. నీళ్లు కనపడగానే లాబ్రడార్ ఆగదు, గొలుసు చేతికి చుట్టుకోండి. గట్లు జారుడు. కోతులుంటాయి, తిండి సంచి తెరవకండి. కుక్కల్ని వదిలేయడానికి ఇది మైదానం కాదు, అడవి. సీతాఫలాల కాలంలో వస్తే బేరం లేకుండా కొనొచ్చనుకోకండి, అమ్మేవాళ్లు గట్టివాళ్లే.

తిరుగుప్రయాణానికి రైలు మరచిపోండి. కుక్కకి ఫస్ట్ ఏసీలో ఇద్దరు పట్టే కూపే గానీ నలుగురు పట్టే క్యాబిన్ గానీ మొత్తం తీసుకోవాలి, లేదంటే బ్రేక్ వ్యానే, అంటే గార్డు పెట్టె. మేం టాటా ఏస్ మాట్లాడుకుని వెనక గోనెలు పరిచాం. బండి కిరాయి, తిండి, బస అందరం సొంతంగా వేసుకున్నాం, విరాళం డబ్బులో పైసా ముట్టుకోలేదు. అది ముందే రాసి చూపిస్తే ఇచ్చేవాళ్లు ఇంకొంచెం ఇస్తారు. వాదన తేలిందేంటంటే, సగం గుంటూరులో ఆపరేషన్లకి, సగం ఫిరంగిపురం చుట్టుపక్కల టీకాలకి. మళ్లీ వెళ్లేది డిసెంబరులో, కళ్లాల్లో కాయ పడకముందే.