ఫారెక్స్ కార్డు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

ఫారెక్స్ కార్డంటే విదేశాల్లో ఖర్చుకు ముందుగానే విదేశీ కరెన్సీ నింపుకునే ప్రీపెయిడ్ కార్డు. ఒక ప్రైవేటు బ్యాంకు ఇచ్చిన, ఒకటికి మించి కరెన్సీలు పట్టే (మల్టీ కరెన్సీ) కార్డును సింగపూర్, థాయ్‌లాండ్ మొదలుకొని ఇటలీ, చెక్ రిపబ్లిక్ దాకా నేనూ మా ఆవిడా చేసిన ప్రయాణాలన్నింటిలోనూ వాడుతూ వస్తున్నాను. డబ్బు లోడ్ చేసిన రోజునే రేటు ఖరారైపోతుంది గనుక తర్వాత రూపాయి పడిపోయినా మనకు బాధ లేదన్నది బ్యాంకు వాళ్లు ముందుగా చెప్పే ఆకర్షణ. అది నిజమే గానీ, నా దృష్టిలో ఈ కార్డు అసలు ప్రయోజనం అది కాదు. ప్రయాణానికి తీసిపెట్టిన సొమ్ముకూ, ఇంటి దగ్గర పొదుపు ఖాతాలో ఉన్న సొమ్ముకూ సంబంధం లేకుండా చేయడమే దీని గొప్పతనం. కార్డు పోయినా, దాని నంబరు ఎవరి చేతిలోనైనా పడినా, పోతే పోయేది అందులో వేసుకున్నంతే.

ఈ సంగతి మాకు రోములో అనుభవానికి వచ్చింది. టెర్మిని స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది. ఆ బస్సు దిగాక చూసుకుంటే మా ఆవిడ చేతిసంచి జిప్పు తెరిచి ఉంది, పర్సు లేదు. బస్టాపులో నిలబడే బ్యాంకు యాప్ తెరిచి, ఆ పర్సులో ఉన్న కార్డును లాక్ చేశాను. కాసేపటికి ఎవరో దాన్ని ఒక దుకాణంలో గీకబోతే చెల్లలేదని ఈమెయిల్ వచ్చింది. బ్యాంకు మొదట్లోనే కార్డుతోపాటు ఇచ్చిన రెండో కార్డు హోటల్ గదిలో సూట్‌కేసు అడుగున ఉండడం వల్ల, ఆ సాయంత్రమే దాన్ని యాక్టివేట్ చేసుకుని అదే బ్యాలెన్సుతో మిగతా ప్రయాణం సాగించాం. ఈ రెండు కార్డులనూ ఒకే పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. రెండోది ఇచ్చిందే ఎందుకో వాళ్లు ఆలోచించినట్టు లేదు. ఓటీపీలు ఈమెయిల్‌కు కూడా వచ్చేలా బయలుదేరకముందే అమర్చుకోవాలి, ఎందుకంటే మన సిమ్‌కు రోమింగ్ లేని చోట యాప్‌లోకి లాగిన్ కావడమే కష్టమవుతుంది.

ఖర్చు విషయంలో మాత్రం దీన్ని మరీ పొగడలేను. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులను విదేశాల్లో వాడితే చాలా బ్యాంకులు వేసే మార్కప్ (అదనపు రుసుము) 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే లక్ష రూపాయల ఖర్చుకు 4,130 రూపాయలు అదనంగా పోతాయి. ఫారెక్స్ కార్డుకు ఆ మార్కప్ లేదు గానీ, బ్యాంకు అమ్మకం రేటులోనే దాని లాభం కలిసి ఉంటుంది; ఆ రోజు మార్కెట్ రేటుతో పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. బ్రాంచికి వెళ్లి అడిగితే కొన్ని పైసలు తగ్గించిన సందర్భాలున్నాయి. 2,000 యూరోలు కొనేటప్పుడు యూరోకు యాభై పైసలు తగ్గినా వెయ్యి రూపాయలు మిగిలినట్టే కదా.

కార్డులో లేని కరెన్సీలో ఖర్చుపెడితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. చెక్ రాజధాని ప్రాగ్‌లో చెల్లేది యూరో కాదు, అక్కడి కరెన్సీ కొరునా. నా కార్డులో ఉన్నవి యూరోలు. ప్రతి చెల్లింపు మీదా ఒక కరెన్సీని మరొకదానిలోకి మార్చినందుకు వేసే క్రాస్ కరెన్సీ చార్జీ పడింది. అది చాలదన్నట్టు, పాతబస్తీ కూడలి దగ్గరి ఏటీఎం మన కార్డు ఏ దేశానిదో పసిగట్టి, తెర మీద రూపాయల్లో లెక్క చూపించి, ఒప్పుకొమ్మని పెద్ద ఆకుపచ్చ బటన్ ముందు పెట్టింది. వద్దనే బటన్ చిన్న అక్షరాలతో ఒక మూలన ఉంది. దుకాణంలోనైనా ఏటీఎంలోనైనా ఇలా అడిగినప్పుడు ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. రూపాయల్లో చూపించే రేటు దాదాపు ప్రతిసారీ మనకు నష్టమే. నోట్లు మార్చుకునేవాళ్లకు చెక్ చట్టం 2019 ఏప్రిల్ నుంచి ఒక వెసులుబాటు ఇచ్చింది: 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు, రసీదు దాచుకుంటే చాలు.

ఇక ఈ కార్డు పనికిరాని చోట్లు. హోటల్ డిపాజిట్‌కూ, అద్దె కారుకూ ప్రీపెయిడ్ కార్డును చాలామంది తీసుకోరు. తీసుకున్నా, బ్లాక్ చేసిన సొమ్ము తిరిగి బ్యాలెన్సులో కనిపించడానికి రోజులు పడుతుంది. అందుకని ఒక క్రెడిట్ కార్డు తప్పనిసరి. దానిలో అంతర్జాతీయ వాడకాన్ని యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. థాయ్‌లాండ్‌లో ఏటీఎం నుంచి తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 220 బాట్లు పట్టుకునేది, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు తీయడం శుద్ధ దండగ. చేతిఖర్చుకు కొన్ని నోట్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లడం మేలు; నగదు రూపంలో 3,000 డాలర్ల వరకు అనుమతి ఉన్నా, మాకు అందులో పదో వంతు కూడా అవసరం పడలేదు.

కార్డులో లోడ్ చేసేదంతా ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి, ఖర్చుపెట్టడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) లెక్కలోకి వస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితేనే టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) కాబట్టి మామూలు ప్రయాణికులకు ఆ బెడద లేదు, పిల్లల చదువుకూ మరొకదానికీ అదే పాన్ మీద డబ్బు పంపేవాళ్లు మాత్రం మొత్తం కలిపి చూసుకోవాలి.

తిరిగొచ్చాక మిగిలిన బ్యాలెన్సును బ్యాంకు తన కొనుగోలు రేటుకే తీసుకుంటుంది, అంటే పోను ఒక కోత, రాను ఒక కోత. కొన్ని బ్యాంకులు చాలాకాలం వాడని కార్డు మీద చార్జీ కూడా వేస్తాయి. 2,000 డాలర్ల విలువకు లోబడి ఉన్న మిగులును వెనక్కి ఇవ్వక్కర్లేదు గనుక, నేను యూరోలను తర్వాతి ప్రయాణానికి అలాగే ఉంచేస్తాను. బాట్లలాంటివైతే చివరి రోజు హోటల్ బిల్లులో ఉన్నంతవరకూ కార్డు మీద కట్టి, తక్కువైంది నోట్లతో సరిపెట్టేస్తాను.