తెరెజీన్: టూర్ బస్సు చూపించని బ్యారక్

రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు యూదుల గెట్టోగా, అంటే వాళ్లని బంధించి ఉంచే చోటుగా, మార్చిన చెక్ ఊరు తెరెజీన్. ప్రాగ్ నుంచి 60 కిలోమీటర్లు. మొదటిసారి ఒక టూర్ బస్సులో వెళ్లి డబ్బు దండగ చేసుకున్నాను. గైడ్ చిన్నకోట జైలు గదులన్నీ తిప్పి, గెట్టో మ్యూజియంలో అరగంట మాత్రం ఇచ్చి, మళ్లీ బస్సెక్కమన్నాడు. నేను వచ్చిందే ఇక్కడి ఖైదీలు ఆడిన నాటకాల గురించి తెలుసుకుందామని. ఆ నాటకాల గురించి చెప్పే గదులు మాగ్డెబర్గ్ బ్యారక్ అనే పాత సైనిక భవనంలో ఉన్నాయి. అడిగితే, అది ప్యాకేజీలో లేదన్నాడు.

రెండు రోజులాగి ప్రాగ్‌లోని హోలెషోవిత్సె స్టేషన్ దగ్గర మామూలు బస్సెక్కాను. గంటలో దించేశాడు. టూర్ వాడికి ఇచ్చిన డబ్బు ముందు ఆ టికెట్ ఏ మూలకీ రాదు. మ్యూజియం, బ్యారక్, చిన్నకోట మూడింటికీ కలిపి ఒకే టికెట్ తీసుకోవచ్చు.

బ్యారక్‌లో మూడంతస్తుల మంచాలతో అప్పటి పడకగదిని మళ్లీ కట్టి పెట్టారు. అది దాటితే సంగీతం, నాటకం, చిత్రలేఖనం. ఇక్కడి ఖైదీ అయిన సంగీతకారుడు హాన్స్ క్రాసా రాసిన పిల్లల ఒపెరా (పాటల నాటకం) 'బ్రుండిబార్' తెరెజీన్‌లో మొదట ఆడింది ఈ బ్యారక్‌లోనే, 1943 సెప్టెంబర్ 23న. జబ్బుపడిన అమ్మకి పాలు కొనడానికి వీధిలో పాడే అన్నాచెల్లెళ్లు, వాళ్లని తరిమేసే సంగీతపు పెట్టెవాడు. చివరికి వాడు ఓడిపోతాడు. మీసాలున్న ఆ విలన్ హిట్లరేనని చూసేవాళ్లకి ఒకరు చెప్పాలా! 55 సార్లు ఆడారు. ఆడే పిల్లల్ని ఆష్విట్జ్ మరణశిబిరానికి రైళ్లెక్కిస్తుంటే, ఆ వేషాలకి కొత్త పిల్లల్ని తయారుచేసుకున్నారు. 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ వాళ్లు తనిఖీకొస్తే, ఇక్కడంతా బాగుందని నమ్మించడానికి నాజీలు ఇదే నాటకాన్ని ముస్తాబు చేసి చూపించారు. అక్టోబర్‌లో క్రాసానీ ఆష్విట్జ్ పంపి చంపేశారు.

మరో ఖైదీ, సంగీతకారుడు విక్టర్ ఉల్మాన్ ఒపెరా 'అట్లాంటిస్ చక్రవర్తి' ఇక్కడ రిహార్సల్స్ దగ్గరే ఆగిపోయింది. ఆయన్నీ అదే అక్టోబర్‌లో చంపారు. ఆ ఒపెరా మొదటిసారి స్టేజీ ఎక్కింది 1975లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఈ గదుల్లోనే నాకు మూడు గంటలు పట్టింది. చిన్నకోటని రెండోసారి చూడబుద్ధి కాలేదు.

బస పక్క ఊరు లిటోమ్యెరిట్సెలో, చౌక్ దగ్గర చిన్న లాడ్జిలో. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లకి లోటు లేదు. శాకాహారులకి మాత్రం పొద్దున బ్రెడ్డూ చీజే గతి. తెరెజీన్‌లోనూ తిండికి పెద్దగా ఏమీ దొరకదు, ఏదైనా కట్టుకెళ్లండి. శనివారం అక్కడి దహనశాల మూసి ఉంటుంది. సాయంత్రం బస్సు వేళలు ముందే చూసుకోండి. నేను చూసుకోక లాడ్జికి 3 కిలోమీటర్లకి పైగా నడిచాను.